వంటింటి గోడలో వరదమ్మ

గుడియాత్తంలో జయరాములు మేస్త్రీ పొద్దున్నే కాఫీ తాగి, వంటింటి గోడకు కుడి చెవి ఆనించి కాసేపు నిలబడతాడు. ఆ తర్వాతే తాపీ సంచి తగిలించుకొని పనికి పోతాడు. ఆ గోడలో ఆయన పెండ్లాం వరదమ్మ గొంతు ఉండాది. మనిషి పోయి చానా ఏండ్లయింది.

గోడకు పూసిన పచ్చి పూత మాట పట్టుకుంటుందని, ఆరినాక అదే పలకతా ఉంటుందని ఆ పక్క అందరికీ తెలిసిందే. అందుకే పూత పూసేటప్పుడు ఇంటివాళ్లు మంచి మాట ఒకటి చెప్పి ఊరుకుంటారు. తాపీ చేతిలో ఉన్న మేస్త్రీ అయితే నోరే విప్పకూడదు, విప్పితే గోడ మూగబోతుందని పెద్దల మాట. సొంతిల్లు కట్టుకునేటప్పుడు వరదమ్మకు అవేమీ గుర్తుకు రాలే. పూత పూస్తా ఉన్న మొగుణ్ణి పిలిచి పిలిచి విసుగెత్తి, పచ్చిగోడ పక్కనే నిలబడి అరిచింది.

"ఏమయ్యా, చెవుడా నీకి? అన్నం ఆరిపోతా ఉండాది, రా."

జయరాములు మర్యాద తప్పకుండా నోరు మూసుకొని పూత పూసినాడు. ఊళ్లో గోడలన్నీ చల్లగా ఉండండని దీవిస్తా ఉంటే, ఈయన గోడ మాత్రం తిడతా ఉండాది. దానికే మురిసిపోతాడు, ఏం చెప్పేది.

ఎడమ చెవి చిన్నప్పుడే చీము కారి పోయినాది. ఉండేది కుడి చెవి ఒకటే.

పోయినేడు వరదమ్మ గొంతు సన్నబడతా వచ్చినాది. ఇంకొకరైతే చెవి చూపించుకునేవాళ్లు. ఈయన మేస్త్రీ కదా, గోడను అనుమానించినాడు. పాలారు ఏటి ఇసుక దొరక్క రాతిపొడి కలిపితిమే, ఇప్పుడు పూత పట్టు వదలతా ఉండాదని తన్ను తాను తిట్టుకున్నాడు. చెమ్మ దిగకుండా బయటిపక్క సున్నం కొట్టినాడు. పొయ్యి దూరంగా జరిపినాడు. తల తిరిగితే ఎండదెబ్బ అనుకున్నాడు. అట్లా ఏడాది గడిచిపోయినాది.

కాట్పాడిలో కాపురముండే కూతురు సుమిత ఆడికృత్తిక పండక్కి వచ్చినప్పుడు, నాయన గోడకు చెవి నొక్కి ఏడస్తా ఉన్నాడు. ఆమెకు గడప దగ్గరికే అమ్మ తిట్టు వినబడతా ఉండాది.

"అమ్మ గొంతు గట్టిగానే ఉండాది నాయనా," అనింది. "పోయేది నీ చెవి."

వేలూరు ఆసుపత్రిలో స్కాను తీసి, వినికిడి నరం పక్కన గడ్డ ఉండాదన్నారు. క్యాన్సర్ కాదు, కానీ పెరగతా ఉండాది. ఈ సైజు గడ్డను కోసి తీస్తే వినికిడి దాదాపు పోయినట్టే. రేడియేషన్ ఇస్తే పెరగకుండా ఆగచ్చు. లోపలి చెవికి కిరణాలు తక్కువ తగిలేట్టు గురి పెడతామని, అయినా సగం మందికే చెవి నిలుస్తుందని, నిలిచినా ఏండ్ల మీద తగ్గచ్చని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. ముందే వచ్చుంటే కాపాడేదానికి ఇంకా కొంచెం వినికిడి మిగిలుండేదని కూడా అనింది.

"నాకు ఒక్క గొంతు వినబడితే చాలమ్మా," అన్నాడు జయరాములు.

మాట ఇవ్వలేనని ఆమె తల దించుకునింది.

రేడియేషన్ ఇచ్చేదానికి ముఖానికి వల మాదిరి ముసుగు బిగించి పడుకోబెట్టినారు. నొప్పి ఏమీ లేదు. భయమంతా ఇంటికి వచ్చినాక పట్టుకునింది. ఏ పొద్దు లేచేసరికి చెవి ఆగిపోతుందోనని అన్నం దిగేది కాదు. నెలలు గడిచేకొద్దీ ఒకటే దిగులు, వరదమ్మ అన్నేండ్లు పిలిస్తే తాను ఒక్కసారైనా పలకలేదే అని. చెవి పోయేలోపల పలకాలనుకున్నాడు. ఆమె గొంతు ఉన్న చోటి పక్కన అరచెయ్యంత చెక్కి, కొత్త పూత పెట్టి, పెద్దల మాట మరిచి, తాపీ చేతిలో ఉండంగానే నోరు విప్పినాడు.

"వస్తా ఉండా, వరదా."

పూత ఆరినాక చెవి ఆనించినాడు. ఏమీ లేదు. జాగా మార్చి మార్చి ఆనించినాడు.

"పోయినాదమ్మా," అన్నాడు, ఆ పొద్దు చూసిపోను వచ్చిన సుమితతో. "చెవి పోయినాది."

సుమిత కూడా గోడకు చెవి పెట్టింది. అమ్మ తిట్టు లేదు, నాయన బదులూ లేదు. చల్లటి గోడ, అంతే. ఆమె పోయి కంచంలో అన్నం పెట్టింది. ఆయన వెనకాల నిలబడి, మెల్లగా పిలిచింది.

"అన్నం ఆరిపోతా ఉండాది, రా నాయనా."

"వస్తా ఉండా," అని జయరాములు తిరిగినాడు.

తిరిగినాక అర్థమయింది, చెవి బాగానే ఉండాదని, మూగబోయింది గోడేనని. కంచం ముందర కూర్చొని, గోడ పక్కే చూస్తా, ముద్ద చేతిలో పట్టుకొని చానాసేపు ఏడ్చినాడు.