జానెడు ఎత్తు

పొద్దున ఏడింటికే భోజ్యా ట్రైలర్ కింద వెల్లకిలా పడుకుని ఇరుసును పట్టి ఉంచే యూ బోల్టుల మీద డీజిల్ పోస్తున్నాడు. అది తుప్పులోకి ఇంకేదాకా వైర్ బ్రష్‌తో పాత బురదను గీకుతున్నాడు. పెళ్లలు రాలి మొహం మీద పడుతున్నా పక్కకు తిప్పుకోలేదు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఘనపూర్ రోడ్డు పక్కన ఈ రేకుల షెడ్డులో ముప్పై ఏళ్లుగా వెల్డింగ్ చేస్తున్నాడు. ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. ఎప్పుడో కాలిన ఎడమ కనుబొమ్మ సగమే మిగిలింది. మండలంలో తిరిగే ట్రాక్టర్ ట్రాలీల్లో చాలావాటికి అతని చేతి అతుకులే. అతుకు ఊడిందని ఎవరూ ఇంతవరకు వెనక్కి రాలేదు. చెప్పుకోవడానికి అతనికి ఆ ఒక్క పేరే ఉంది.

ట్రైలర్ చేపలోళ్ల సంఘానిది. వరదలొస్తే జనాన్ని దాటించే పడవను మోసుకుపోవడానికి మూడేళ్ల కింద భోజ్యానే దాన్ని తయారుచేశాడు. నిన్న సాయంత్రం సంఘం అధ్యక్షుడు దయాకర్ దాన్ని ట్రాక్టర్‌కు తగిలించుకొచ్చి ఫోన్‌లో ఒక ఫోటో చూపించాడు.

"భోజ్యన్నా, గిది కాళేశ్వరం కాడ చూసిన. ఎంత కిందికున్నదో చూడు. మోకాటిలోతు నీళ్లకే పడవ తేలుతున్నది. రోహిణి కార్తె అయిపోవచ్చె, వానలు పడకముందే మనది గూడ గట్ల దించొచ్చా?"

భోజ్యా ఫోటోను చాలాసేపు చూశాడు. చూడాల్సింది ఏమీ లేదు. ఆ ట్రైలర్‌కు ఇరుసు, బండి బరువు మోసే కమాన్ పట్టీల పైన కూర్చుని ఉంది, అందుకే బండి కిందికి దిగింది. తను చేసినదానికి పట్టీల కింద ఉంది. తేడా అంతే.

"దించొచ్చు" అన్నాడు.

దయాకర్ ఫోన్ జేబులో పెట్టుకోబోతూ ఆగాడు. "అప్పుడు కాదంటివి గదనే?"

భోజ్యా వెల్డింగ్ రాడ్ల డబ్బా మూత బిగించసాగాడు. దయాకర్ ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయాడు.

అప్పుడు కాదన్న మాట నిజమే. మూడేళ్ల కింద కోతల కాలం. షెడ్డు ముందు నాలుగు ట్రాలీలు వరసగా ఆగి ఉన్నాయి. పడవ బండి కిందికి ఉండాలని దయాకర్ ముందే చెప్పాడు. భోజ్యా మాత్రం చేతికి అలవాటైనట్టు అన్ని ట్రాలీలకు బిగించినట్టే ఇరుసును కింద బిగించాడు. టైర్లు మడ్గార్డులకు తగులుతుంటే మడ్గార్డులు ఎత్తడానికి ఓపిక లేక, ఇరుసుకూ పట్టీలకూ నడుమ ఇనుప దిమ్మెలు పెట్టి ఇంకొంచెం లేపాడు. దయాకర్ వచ్చి చూసి, ఎత్తయినట్టుందే అన్నాడు. చేతులు తుడుచుకుంటూ భోజ్యా, "గింతకన్న కిందికి రాదు" అన్నాడు. ఆ మాట సాయంత్రానికి అతనికే గుర్తు లేదు.

మరుసటి ఏడు శ్రావణంలో వాగు ఊళ్లోకి తిరిగింది. బర్రెల కట్లు విప్పడానికి పొలానికి వెళ్లిన కొమురయ్య నీళ్ల నడుమ చిక్కుకుని మోటారు గది పైకప్పు ఎక్కాడు. ట్రాక్టర్ పడవను వెనక్కి నడిపించుకుంటూ రోడ్డు అంచుదాకా తెచ్చింది. అక్కడి నుంచి కట్ట నిలువునా దిగిపోతుంది. ఇంకో గజం వెనక్కి పోతే ట్రాక్టరే బోల్తాపడుతుంది. టైర్లు సగం మునిగాయి. పడవ అడుగు మాత్రం తడవలేదు. ఎనిమిది మంది దాని కింద భుజాలు పెట్టారు. లేపి, జరిపి, నీళ్లలో దించేసరికి మోటారు గది గోడ లేదు, కొమురయ్యా లేడు.

ఆ ఎనిమిది మందిలో భోజ్యా ఒకడు. భుజం పడవ కింద ఉండగానే అతనికి తెలిసింది, ఎంత ఎత్తు ఎక్కువైందో.

ఎవరూ ఒక్క మాట అనలేదు. కాలం తీరిందన్నారు. పెద్దకర్మ నాడు కొమురయ్య భార్య యాకమ్మ తనే వచ్చి, పడవ మోసి పుండుపడ్డ అతని భుజం చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. అప్పటి నుంచి భోజ్యా వాళ్ల వాడ మీదుగా నడవడం మానేశాడు. ఆమె సంతకు వస్తూ షెడ్డు ముందు కనిపిస్తే నల్లద్దం మొహానికి అడ్డం పెట్టుకుని, పనికిరాని ఇనుప ముక్క మీద రాడ్డు గీకి మంట లేపేవాడు. వెల్డింగ్ వెలుగు వైపు ఎవరూ చూడరు.

బోల్టులు ఒక్కొక్కటే వదిలాయి. జాకీ మీద ట్రైలర్‌ను లేపి దిమ్మెలు తీసేశాడు. ఇరుసును చక్రాలతో సహా బయటికి దొర్లించాడు. దాన్ని తలకిందులు చేసి బిగిస్తే పని ఇంకా తొందరగా అయిపోయేది. కానీ ఇరుసు నడుమ వెంట్రుకవాసి పైకి వంగి ఉంటుంది. తిరగేస్తే టైర్లు లోపలి పక్కనే అరిగిపోతాయి. అందుకని పట్టీలు కూర్చునే పీటలను కోసి, నున్నగా గ్రైండింగ్ చేసి, ఇరుసుకు రెండో వైపున అతికాడు. ఒక్కో అతుకును సుత్తితో కొట్టి, పైన కట్టిన చిట్టెం రాల్చి, వేలితో తడిమి చూశాడు. మడ్గార్డులు విప్పి పైకి జరిపాడు. ఇరుసును పట్టీల పైకి ఎక్కించి బోల్టులు బిగించాడు.

జాకీ దించి, పొద్దున ట్రైలర్ ఎత్తుకు షెడ్డు గుంజ మీద గీసిన గుర్తు నుంచి ఇప్పటి ఎత్తుకు చెయ్యి పరిచి కొలిచాడు. బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా, సరిగ్గా జానెడు.

రోడ్డవతల హోటల్లో ఇంకా మధ్యాహ్నం భోజనాలు మొదలుకాలేదు. ఒక్క పూట కూడా పూర్తిగా పట్టలేదు. భోజ్యా తెచ్చుకున్న రొట్టె విప్పలేదు. తీసేసిన దిమ్మెల పక్కన నేల మీద కూర్చుండిపోయాడు.

నాలుగింటికి దయాకర్ పడవ ఎక్కించి చెరువుకు పట్టుకుపోయాడు. భోజ్యా కూడా వెళ్లాడు. సంఘం వాళ్లు పదిమంది దాకా వచ్చారు. ట్రాక్టర్ మెల్లగా వెనక్కి నడిచింది. నీళ్లు టైర్ల బొడ్డు దాకా రాకముందే పడవ ఒకసారి అటూ ఇటూ ఊగి, ఎవరూ చెయ్యి వేయకుండానే జారి తేలింది. అందరూ చప్పట్లు కొట్టారు. భోజ్యా తలెత్తలేదు.

"పొద్దటిసంది ఏం తినలేదంట గదన్నా" అంటూ యాకమ్మ వచ్చింది. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా. "బొమ్మె చేపల పులుసు, ఇంత బువ్వ. తిను. నీ చేతులు సల్లగుండ. ఇంక ఏ ఆడిదానికి నా గతి రాదు."

డబ్బా ఇంకా వెచ్చగా ఉంది. భోజ్యా దాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

"నేను తినను యాకమ్మా."

"ఏందన్నా, చేపలు పడవా?"

"పడతయ్. గీ పని నాకు అప్పుడే తెలుసు. దయాకర్ కిందికే చెయ్యమన్నడు. తొందరల ఉండి, రాదని అబద్ధం చెప్పిన."

ఆమె పడవ వైపు చూసింది. ట్రైలర్ వైపు చూసింది.

"ఇయ్యాల ఎంతసేపు పట్టింది?"

"ఒక పూట."

"ఒక పూట" అంది ఆమె. తర్వాత, "గా దినం పడవ లేపేటప్పుడు గూడ నీకు ఎరికేనా?"

"ఎరికే."

ఒడ్డున తడిమట్టిలో ఆమె కాళ్లు కదల్లేదు. "రెండేండ్ల సంది దేవుణ్ని తిట్టుకుంట బతికిన. గదే అల్కగ, సులువుగ ఉండె. ఇప్పుడు నువ్వు చెప్పి నీ బరువు దించుకుంటివి. ఇంక నేనెవర్ని తిట్టాలె?"

"నన్ను తిట్టు."

"నోరెట్ల వస్తది? భుజం పుండయ్యేదాక మోసినోనివి."

కొంగు తల మీదికి లాక్కుని కట్ట మీదుగా నడిచి వెళ్లిపోయింది. డబ్బా అడగలేదు.

దయాకర్ దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "నాకు నిన్ననే సమజైంది అన్నా. ఆమెకు చెప్పకుంటే అయిపోతుండె."

భోజ్యా డబ్బాను చంకన పెట్టుకున్నాడు. అయిపోదని అతనికి తెలుసు. చెప్పినా అయిపోలేదనీ తెలుసు.

తండాకు చేరేసరికి పొద్దు గూకింది. డబ్బా చూసి కమ్లీ తమ భాషలో, ఎవరిచ్చారని భర్తను అడిగింది. అతను డబ్బాను పక్కన పెట్టి కూర్చున్నాడు. ఆమె అన్నం పెట్టినా తినలేదు. తెల్లారేసరికి పులుసు పులిసింది. కమ్లీ దాన్ని పారబోసి డబ్బా తోమి పెట్టింది.

మూడో రోజు భోజ్యా దాన్ని సంచిలో వేసుకుని రెండేళ్ల తర్వాత యాకమ్మ వాళ్ల వాడకు వెళ్లాడు. తలుపుకు తాళం వేసి ఉంది. పక్కింటి అరుణ వాకిట్లో గిన్నెలు కడుగుతూ చెప్పింది. "బిడ్డ కాడికి పోయింది, భూపాలపల్లికి. పొద్దుగాల బస్సుకు. ఎప్పుడొస్తవంటే చెప్పలే."

ఆ వానాకాలం పడవ రెండుసార్లు నీళ్లలో దిగింది. రెండుసార్లూ ఎక్కాల్సిన వాళ్లంతా ఎక్కారు. యాకమ్మ రాలేదు. షెడ్డులో రాడ్ల డబ్బాల పైఅరలో ఆ టిఫిన్ డబ్బాను బోర్లించి పెట్టాడు భోజ్యా. దాని అంచు మీద ఎవరో పెళ్లినాడు చుక్కలు చుక్కలుగా కొట్టించిన అక్షరాలు, కొమురయ్య - యాకమ్మ అని, పొగ పడుతున్నా ఇంకా చదవడానికి వస్తున్నాయి.