బోర్లించిన గ్లాసు కింద

గురునాథం షట్టరు సగం పైకెత్తి, వంగి లోపలికి దూరి, బెంచీ మీద పరిచిన తెల్లగుడ్డను దులుపుతున్నాడు. మిడిల్ పాయింట్ బజారులో బట్టల దుకాణం మెట్ల కింద ఉన్న ఆ వాచీ రిపేరు కొట్టు ఎంత చిన్నదంటే, కూర్చుంటే మోకాళ్లు బెంచీకి ఆనుతాయి, లేస్తే తల మెట్టుకు తగలాలి. ఆయనకు మాత్రం తగలదు. ఎప్పుడు వంగాలో ఆ తలకే తెలుసు.

గోడకున్న గడియారాలు ఒకదాని మాట ఒకటి వినకుండా టిక్కుటిక్కుమంటున్నాయి. గుడ్డ మీద ఎండ చిన్న చదరంలా పడింది. ఈ దీవుల్లో సూర్యుడికి తొందరెక్కువ. ఊరు లేవకముందే వచ్చేస్తాడు, సాయంత్రం చాయ్ చల్లారేలోపు వెళ్లిపోతాడు. ఆ కాస్త ఎండా తన బెంచీ మీదే పడుతున్నందుకు గురునాథానికి రోజూ సంతోషమే. అరచేయి ఒకసారి ఎండలో పెట్టి వెచ్చబెట్టుకుని, ఆ తర్వాతే చిన్న చక్రాలు పట్టే చిమ్టా అందుకుంటాడు.

ఈవేళ ఎడమ చెయ్యి కొంచెం బరువుగా ఉంది. పొద్దున్న బ్రూక్షాబాద్‌లో ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు ఛాతీ రుద్దుకుంటుంటే శారదాదేవి చూసి, జీలకర్ర నీళ్లు కాచి ఇచ్చింది. తాగాక తేలిగ్గానే అనిపించింది. గుమ్మం దగ్గర ఆవిడ ఎప్పటిలాగే టైమెంతయిందని అడిగింది. ఎదురుగా గోడ మీద గడియారం ఉంది. అయినా పెళ్లయిన కొత్తలో మొదలైన ఆ అడగడం ఆగలేదు, ఈయన మణికట్టు చూసుకుని చెప్పడమూ ఆగలేదు.

వాచీలకు ఇక్కడ సముద్రమే జబ్బు. ఉప్పుగాలి సందుల్లోంచి దూరి చక్రాలను కొరికేస్తుంది. శ్రీకాకుళం వైపు నుంచి మేనమామ వెంట ఓడెక్కి వచ్చినప్పటి నుంచి ఆయనకు అన్నం పెట్టింది ఆ ఉప్పే. అందుకే దాన్ని తిట్టడు.

దేముడమ్మ చాయ్ తెచ్చింది. రోడ్డవతల ఆవిడ బండి. గురునాథం తాగేసి, గ్లాసు కడిగి, తుడిచి, తిరిగి ఇవ్వకుండా బెంచీ మీద బోర్లించాడు. విప్పిన వాచీ మీద దుమ్ము పడకుండా ఆయనకదే మూత.

“నా గలాసులన్నీ నీ కొట్లోనే కాపరం పెట్టీసినాయి భయ్యా,” అంది దేముడమ్మ.

“అల్లుళ్లనుకో. పండక్కి పంపిస్తాలే.”

ఆవిడ నవ్వుకుంటూ వెళ్తుంటే ఎదురుగా కామమ్మ వచ్చింది, వెనకాల కోడలు వాసవి. కామమ్మ చేపల మనిషి. ఎప్పుడూ దూరం నుంచే గొంతు వినిపిస్తుంది. ఈవేళ మాట్లాడకుండా కొంగులోంచి స్టీలు డబ్బా తీసి బెంచీ మీద పెట్టింది. మూత తీస్తే నిండా బియ్యం. బియ్యంలో చేతిరుమాలు. రుమాలులో వాచీ.

గురునాథం గుండె ఒక్కసారి ఎగిరిపడింది. అది టూర్బియాన్.

ఆ వాచీ కోసం వెతుకులాట వాసవి పెళ్లయిన కొత్తలో మొదలైంది. ఆవిడ స్కూల్లో పాఠాలు చెబుతుంది. మొగుడు వాసుదేవ్ దక్షిణాన చివరి దీవిలో ఉన్న క్యాంప్‌బెల్ బేకు వెళ్లే ఓడ మీద పనిచేస్తాడు. ఒకసారి ఓడలో ఎవరో ప్రయాణికుడి చేతికి అలాంటి వాచీ చూసి, ఆ రాత్రి భోజనం దగ్గర చేతులు తిప్పుతూ దాని గురించే చెప్పాడట. అది చూసి వాసవి ముచ్చటపడింది. స్విట్జర్లాండ్‌వైతే ఇల్లు అమ్మినా రావు. కానీ చైనావాళ్లు తయారుచేసేవి ఈమధ్య పాత స్కూటరు ధరకు కూడా దొరుకుతున్నాయని ఎక్కడో చదివి, ఫోన్ పట్టుకుని గురునాథం దగ్గరికి వచ్చింది. వాటిలో అసలైనదేదో చెప్పమంది.

ఆయన అలాంటిది కళ్లతో చూడలేదు. కుర్రతనంలో విశాఖపట్నంలో ఒక వాచీల ఏజెంటు గోడమీది క్యాలెండరులో బొమ్మ చూశాడంతే. ఆ మాటే చెప్పాడు. అయినా ఇద్దరూ కూర్చుని వెతికారు. టూర్బియాన్ అని రాసి అమ్మేవాటిలో చాలావరకు ముఖానికి బొక్కపెట్టి లోపలి బ్యాలెన్స్ చక్రాన్ని చూపించేవే. అది అక్కడే కూర్చుని ఊగుతుంటుంది. చూడ్డానికి అందంగానే ఉంటుంది, కానీ టూర్బియాన్ కాదు. అసలుదానిలో ఆ ఊగే చక్రాన్ని ఒక చిన్న పంజరంలో పెడతారు. పంజరం మొత్తం నిమిషానికోసారి గుండ్రంగా తిరిగివస్తుంది. వాచీ ఒక పక్కకు ఒరిగినప్పుడు వచ్చే తేడాను ఇంకో పక్క సరిచేసుకుంటూ పోతుంది. వాసవి దాన్ని పిల్లలకు చెప్పినట్టు ఒక్క ముక్కలో పెట్టింది: లోపలిది ఊగాలి, చుట్టూ ఉన్నది తిరగాలి, రెండూ ఒకేసారి. ఫొటో చూస్తే ఆ సంగతి తెలియదు. అందుకని అమ్మేవాళ్లందరినీ వీడియో అడిగింది. కొందరు పంపలేదు, కొందరు పంపి దొరికిపోయారు. ఒకదానిలో పంజరం తిరుగుతోంది కానీ లోపల ఊగడానికి ఏమీ లేదు. గురునాథం వద్దన్నప్పుడల్లా వాసవి ఇంకొకటి వెతికి తెచ్చేది. నచ్చలేదని తిప్పి పంపేలోపు గడువైపోయే ఊరిది, తొందరపడకూడదని ఇద్దరూ అనుకున్నారు. చివరికి ఒకటి ఊగింది, తిరిగింది. ఆవేళ ఆయనే దేముడమ్మను పిలిచి రెండు చాయ్‌లు చెప్పాడు.

నువ్వూ ఒకటి కొనుక్కోకూడదా అని శారదాదేవి అడిగితే, వాసవిది వచ్చాక ఒక్కసారి చూస్తే చాలన్నాడు. ఆ మాట నిజమే.

ఇప్పుడది ఎదురుగా ఉంది. పంజరం కదలడం లేదు. కీ తిప్పితే లోపల ఇసుక నలిగినట్టు చప్పుడు.

ఏం జరిగిందో వాసవే నెమ్మదిగా చెప్పింది. పార్సిల్ మొన్న వచ్చింది. కామమ్మ వాళ్లింట్లో పడవకు కొత్త ఇంజిన్ వస్తే ముహూర్తం చూడకుండా తిప్పరు. అలాగే వాచీకీ నిన్న సాయంత్రం ముహూర్తం పెట్టింది కామమ్మ. అప్పటిదాకా నడవకుండా కీ బయటికి లాగి, ముళ్లు ఆ వేళకు తిప్పి, అలాగే దేవుడి దగ్గర పెట్టారు. ముహూర్తం రాగానే కామమ్మ సముద్రపు నీళ్లలో పసుపు కలిపి వాచీ మీద చల్లింది. లాగి ఉన్న కీ సందులోంచి నీళ్లు లోపలికి దిగాయి. తడి పీల్చుకుంటుందని రాత్రంతా బియ్యంలో పెట్టారు.

“కొత్త ఇంజినికి గంగమ్మ నీళ్లు సల్లకండా తిప్పుతామేటి భయ్యా? వాచీ కూడా ఇంజినే గదేటనుకున్నాను,” అంది కామమ్మ. గొంతు మరీ చిన్నదైపోయింది.

“నేనేమైనా అన్నానా అత్తమ్మా?”

“నువ్వేటీ అనవు. అదే నాకు ముద్ద దిగనీడం లేదు.” కామమ్మ కళ్లు తుడుచుకుంది. “కొత్త కోడలు, మొదటిసారి మొగుడికి తెచ్చుకుంది. నా సేత్తో నాను పాడుసేసినాను.”

వాసుదేవ్‌కు ఈ సంగతి ఇంకా తెలియదు. నిన్నటి నుంచి ఓడలోనే ఉండి సామాను ఎక్కిస్తున్నాడు. సాయంత్రం ఓడ కదులుతుంది. ఈలోపు వాచీ నడిస్తే చేతికి కట్టి పంపాలి. నడవకపోతే కామమ్మే వెళ్లి కొడుక్కి చెప్తానంది.

గురునాథం వాచీని ఎండలో పెట్టి చూశాడు. “ఇలాంటిది నేనెప్పుడూ విప్పలేదమ్మా. ఆ పంజరం జోలికి పోతే మళ్లీ పెట్టగలనో లేదో. ఠీక్ హై, చూద్దాం. మధ్యాహ్నం ఫోన్ చేస్తాను. కామమ్మా, నువ్వు ముందెళ్లి అన్నం తిను.”

వాళ్లు వెళ్లాక గురునాథం ఎండ చదరంలోకి చెయ్యి చాచాడు. అరచేయి వెచ్చబెట్టుకుని, కంటికి భూతద్దం బిగించి, వెనక మూత తీశాడు.

మూత లోపలి అంచున పచ్చగా పసుపు. కీ పుల్ల బయటికి లాగాడు. దాని మొదట్లో ఉండే చిన్న పళ్ల చక్రం సందుల్లో ఉప్పు, పసుపు కలిసి ముద్దకట్టుకుని గట్టిపడ్డాయి. కీ తిప్పితే ఆ చక్రం పట్టుకోవడం లేదు. పెద్ద స్ప్రింగుకు బలమే అందలేదు. అంతే. నీళ్లు అక్కడే ఆగిపోయాయి. పంజరం దాకా వెళ్లలేదు.

ఎన్నేళ్లుగానో చూడాలనుకున్న దాన్ని ముట్టుకోకుండానే బాగుచేయాల్సి వచ్చినందుకు గురునాథానికి నవ్వొచ్చింది. ముట్టుకోవాల్సిన పని లేనందుకు లోపల్లోపల హాయిగా కూడా ఉంది. పెట్రోలులో ముంచిన కుంచెతో ఒక్కో పన్ను కడిగాడు. పసుపు రేణువులు తెల్లగుడ్డ మీద రాలాయి. రబ్బరు బుడ్డితో గాలి ఊది ఆరబెట్టి, సూది మొనతో నూనె చుక్క తాకించాడు. మూత అంచున మిగిలిన పసుపు మరకను తుడవబోయి ఆగాడు. ఏ వాచీ బాగుచేసినా మూత లోపల సూదితో తన గుర్తు గీసుకోవడం ఆయనకు అలవాటు. ఈసారి గీయలేదు. ఆ మరక అక్కడుంటే ఏ చక్రానికీ అడ్డు కాదు. ఉండనిచ్చాడు.

మూత బిగించి కీ ఇచ్చాడు. ఇప్పుడు ఇసుక చప్పుడు లేదు. పంజరం ఒకసారి వణికింది, ఆగింది, మళ్లీ వణికింది. తర్వాత తిరగడం మొదలుపెట్టింది.

లోపలిది ఊగుతోంది. చుట్టూ ఉన్నది తిరుగుతోంది. పసిపిల్ల నిద్రలో ఊపిరి తీస్తున్నంత మెత్తగా ఉంది. గురునాథం భూతద్దం తీయలేదు. పంజరం మీదున్న నీలం మేకు పైనుంచి కుడికి, కుడి నుంచి కిందికి, అటు నుంచి మళ్లీ పైకి వచ్చింది. ఇంకో చుట్టు చూద్దామనుకున్నాడు. చూస్తూ చూస్తూ ఎండ చదరం గుడ్డ దాటి పక్కకు జరిగిపోవడం గమనించలేదు.

తర్వాత ఇంటికి ఫోన్ చేశాడు.

“టైమెంతయింది శారదా?”

అవతల ఆవిడ నవ్వింది. “మీ చేతికి వాచీ లేదా?”

“ఉంది. నువ్వు చెప్తే వినాలనిపించింది.”

ఆవిడ చెప్పింది. ఒంట్లో ఎలా ఉందని అడిగింది.

“బాగుంది. చూశాను శారదా.”

ఏం చూశాడో ఆవిడకు చెప్పక్కర్లేదు. “నా బదులు కూడా ఓసారి చూడండి,” అంది.

వాసవికి ఫోన్ చేసి వచ్చి తీసుకెళ్లమన్నాడు. అవతల నుంచి కామమ్మ గొంతు పాతలాగే పెద్దగా వినిపించింది. టిఫిన్ విప్పితే కానాగంత చేపల వేపుడు. అంటే శారదాదేవి తెల్లవారకముందే లేచిందన్నమాట. ముల్లు కూడా వదలకుండా తిన్నాడు. చేతులు కడుక్కుని, దేముడమ్మ గ్లాసు తీసి వాచీ మీద బోర్లించాడు. గాజు వెనక పంజరం ఇంకొంచెం పెద్దగా కనిపించింది. శారద బదులు ఇంకోసారి చూశాడు. గోడకు ఆనుకుని, చూస్తూనే కళ్లు మూసుకున్నాడు.

దేముడమ్మ మధ్యాహ్నం చాయ్ తెచ్చి, నిద్రపోతున్నాడనుకుని, వేడి తగ్గకుండా మళ్లీ పొయ్యి మీద పెడదామని తీసుకెళ్లిపోయింది. తర్వాత వాసవి, కామమ్మ వచ్చారు. కామమ్మ బెంచీ ముందు గొంతుక్కూర్చుని గ్లాసులోకి చూసింది. తిరుగుతోంది. కోడలి చెయ్యి పట్టుకుని లాగి, చూడమని సైగచేసింది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి, ఆయన లేస్తాడేమోనని నవ్వు చప్పుడు కాకుండా నోటికి కొంగులడ్డం పెట్టుకున్నారు. కాసేపటికి కామమ్మ ఆయన చేతిని తాకి, “భయ్యా,” అంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

దేముడమ్మ వెళ్లి ఆటోలో శారదాదేవిని తీసుకొచ్చింది. ఆవిడ గట్టిగా ఏడవలేదు. మెట్ల కింద వంగి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. నలిగిన చొక్కా కాలరు సరిచేసింది. చాలాసేపటి తర్వాత ఆవిడ చూపు బెంచీ మీదికి వెళ్లింది. గ్లాసు ఎత్తి వాచీని అరచేతిలో పెట్టుకుని, పంజరం ఒక చుట్టు పూర్తిగా తిరిగేదాకా చూసింది. తర్వాత గ్లాసును ఉన్నచోటే బోర్లించి, వాచీని కామమ్మ చేతిలో పెట్టింది.

కామమ్మ వెనక్కి జరిగింది. “ఇప్పుడొద్దు వదినా.”

“ఓడ వెళ్లిపోతుందమ్మా. అబ్బాయి చేతికి కట్టండి. ఆయన చూశానని చెప్పారు.”

వాళ్లు వెళ్లారు. ఓడ చీకటి పడేవేళకు రేవు దాటింది.

కొట్టు చాలా రోజులు మూసే ఉంది. తర్వాత ఒక పొద్దున్న శారదాదేవి వచ్చి షట్టరెత్తితే, దేముడమ్మ చాయ్ తెచ్చింది. తన గ్లాసు బెంచీ మీద ఉండటం చూసింది, అడగలేదు. ఎండ వచ్చి గుడ్డ మీద తన చోట కూర్చుంది. ఆ వెలుగులో గ్లాసు ఎప్పటిలాగే బోర్లించి ఉంది, దాని కింద తెల్లగుడ్డ మీద ఆవగింజంత పసుపు.