ఇస్పేటు రాణి

కళ్ల డాక్టరుకీ, ఆయన బావమరిది పళ్ల డాక్టరుకీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఇద్దరూ ఎదురుపడేది క్లబ్బులో, బ్రిడ్జి పేకాట బల్ల దగ్గరే. ఒకరికి పెళ్లాం, ఇంకొకరికి అక్క అయిన పాపానికి అడకత్తెరలో పోకచెక్కలా ఆమె నలుగుతోంది.

ఆ సాయంత్రం గెలిచిన జంటకు క్లబ్బు జట్టులో చోటు. ఆ చోటు కోసం ఆమె రెండేళ్లుగా పుస్తకాలు నమిలి మింగింది. వంటిల్లు కాకుండా తనదంటూ ఒకటి ఉండాలని ఆమె పట్టుదల. ఆఖరి ఆటలో ఎదురు జంటలో తమ్ముడున్నాడు. ఇటు మొగుడు ఆడుతున్నాడు, ఆమె డమ్మీ. అంటే ముక్కలన్నీ బల్లమీద పరిచి, ఆయన చెప్పిన ముక్క వేయాలి, నోరు విప్పకూడదు. ఇంట్లో అలవాటైన పనే.

ఒక చుట్టులో పెద్ద ముక్క వేసినవాళ్లదే పట్టు; ఇంకొక్క పట్టు వస్తే గెలుపు. ఆయన చిన్న ఇస్పేటు వేశాడు. ఆమె ముందు మిగిలినవి ఇస్పేటు ఆసు, రాణి. ఆసు వేస్తే ఆ పట్టు ఖాయం, కానీ రాణి నెగ్గితే రెండు పట్లూ వస్తాయని మొగుడి ఆశ.

"రాణి," అన్నాడు.

ఆమె రాణిని జరిపింది. తర్వాత వేయాల్సిన తమ్ముడు మీసాల్లో నవ్వాడు. మొగుడు ఆ నవ్వు చూశాడు. రాజు ఎక్కడుందో తెలిసిపోయింది.

"కాదు, ఆసు. నోరు జారింది."

"జారలేదు బావగారూ. నా మొహం చూసి మార్చారు."

"చూడ్డానికి ఏముందిరా నీ మొహంలో."

ఆట నడిపే డైరెక్టరు వచ్చాడు. కాలు జారితే తీసుకోవచ్చుగానీ నోరు జారితే తీసుకోలేమంటుంది లోకం. బ్రిడ్జిలో ఆ సామెత చెల్లదు. నోరు జారితే వెంటనే దిద్దుకోవచ్చు. మనసు మారితే మాత్రం పడ్డ ముక్క పడ్డట్టే.

"మీరు చూశారు కదమ్మా. ఏం జరిగింది?" అని డైరెక్టరు ఆమెనే అడిగాడు.

"చెప్పు," అన్నాడు మొగుడు, బల్ల కింద ఆమె కాలు తొక్కుతూ.

ఆసు పడితే చోటు ఆమెది. తమ్ముడి మీద ప్రేమ పొంగిపోతోందా అంటే అదీ లేదు, వాడి వెటకారమంటే ఆమెకూ ఒళ్లుమంటే. కానీ ఆ 'నోరు జారింది' విని విని ఆమెకు రోత పుట్టింది. తన తల్లిని ముష్టిదన్నప్పుడూ అదే మాట, నలుగురిలో తనను మొద్దన్నప్పుడూ అదే మాట.

"ఆయన నోరు ఎప్పుడూ జారదండీ," అంది. "అన్నవన్నీ అనుకునే అంటారు. రాణే వేయమన్నారు, తర్వాత మనసు మార్చుకున్నారు."

తమ్ముడు రాజు వేసి పట్టు లాక్కున్నాడు, ఆఖరి ముక్క వేరే రంగుది వేసి ఆమె ఆసును పనికిరాకుండా చేశాడు. "థాంక్సక్కా."

"నీ కోసం కాదు," అంది. రెండేళ్ల కష్టం గంగలో కలిసింది. ఏడుపొచ్చింది, ఆపుకుంది.

మొగుడు కుర్చీ తన్నేసి లేచాడు. "ఇంటికి పద. నీ సంగతి చెప్తా."

"ఇదీ నోరు జారడమేనా?"

"కాదు. అనుకునే అన్నాను."

"అయితే నేను రాను," అంది.