పార్కు నుంచి వచ్చిన ఫోను

నాకు అబద్ధం చెప్పడం చేతకాదని మా ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. నేను చెప్పింది ఒక్కటే మరి. అదీ నిమిషంలో, చేతిలో టేపు పట్టుకుని చెప్పేశాను. అయిదు నెలలుగా అది నన్ను కూర్చోనివ్వదు, నిలబడనివ్వదు.

మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. నాది బట్టలు సరిచేసే కొట్టు. ప్యాంట్లు పొట్టి చేస్తాను, జిప్పులు మారుస్తాను, లావెక్కినవాళ్ళకు కుట్లు విప్పి ఇస్తాను. మాకు ఒక్కతే కూతురు, తొమ్మిదేళ్ళది. ఒకచోట కుదురుగా ఉండదు కాబట్టి దాన్ని పిచుక అంటాం. ఏటా దాని పుట్టినరోజుకు ఆరు గంటలు ప్రయాణం చేసి ఒక పెద్ద థీమ్ పార్కుకు వెళ్తాం. పిచుకకు అక్కడ నీళ్ళలోకి జారే బండి ఇష్టం. మా ఆయనకు మాత్రం పార్కు చుట్టూ తిరిగే బుల్లి రైలు ఉంటే చాలు. నాలుగే పెట్టెలు. నీలం టోపీ పెట్టుకున్న డ్రైవరు మైకులో కబుర్లు చెబుతూ నడుపుతాడు. ఈయన గారు పోయినేడు అది ఏడుసార్లు ఎక్కాడు. ఎనిమిదోసారి నేను రానని బెంచీ మీద కూలబడ్డాను.

"ఇక్కడికే వచ్చేద్దామే. నేను ఈ రైలు నడుపుతా, నువ్వు వేషాలవాళ్ళకు బట్టలు కుట్టు" అని ఆయన ఎప్పుడో ఒకసారి అన్నాడు. అప్పుడే చాల్లెండి అనేస్తే పోయేది. అనలేదు సరికదా, ఎగదోశాను. పార్కు మ్యాపు బీరువా తలుపు లోపల అంటించింది నేనే. గేటుకు రెండు వీధుల అవతల నీలం సుద్దతో మా ఇల్లు గీసిందీ నేనే. పొద్దున్నే కిటికీ తెరిస్తే రైలు కూత వినపడాలని షరతు పెట్టింది కూడా నేనే. నాకది ఆదివారం కాలక్షేపం. ఆయనకు కాదని తెలియదా అంటే, తెలుసు. తెలిసే ఊ కొట్టాను.

ఆయనకు కొంచెం నత్తి. 'ప' దగ్గర మాట ఆగిపోతుంది. అయినా బస్సులో ప్రతి స్టాపు పేరూ గొంతెత్తి చెబుతాడు. చెప్పమని ఎవరూ అడగలేదు. అదో సరదా ఆయనకు.

చివరికి ఆ బుల్లి రైలుకు డ్రైవరు కావాలని పార్కువాళ్ళు నిజంగానే ప్రకటన వేశారు. ఈయన దరఖాస్తు పెట్టి, సెలవు తీసుకుని, వెళ్ళి పరీక్ష ఇచ్చి వచ్చాడు.

"బండి బాగానే నడిపాను. మైకులో 'పిల్లలూ' అనాల్సిన చోట మూడుసార్లు ఆగిపోయాను" అని నవ్వాడు.

"వాళ్ళేమన్నారండీ?"

"ఫోను చేస్తామన్నారు. నీ నెంబరు ఇచ్చాను. స్టీరింగు ముందు నేను ఫోను తీయనుగా."

ఫోను మంగళవారం మధ్యాహ్నం వచ్చింది. ఆ రోజు పొద్దుటే, మూడేళ్ళుగా నేను చుట్టూ తిరుగుతున్న బడివాళ్ళు యూనిఫాములన్నీ నాకే ఇస్తున్నామని చెప్పి వెళ్ళారు. కొట్టులో ఎటు చూసినా బూడిదరంగు గుడ్డే. రెండో మెషీను ఏ మూల వేయాలా అని టేపు పెట్టి కొలుస్తున్నాను. అప్పుడు మోగింది.

అవతల ఒకావిడ, మంచి మర్యాదగా మాట్లాడింది. మా ఆయన్ని తీసుకున్నామంది. వచ్చే నెల ఒకటో తారీఖున చేరాలంది. ఇంకా చాలా చెప్పింది. నేను చేతిలోని టేపునే చూస్తూ విన్నాను. ఈ కొట్టు, ఈ గుడ్డ, మూడేళ్ళ తిరుగుడు, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి.

"ఆయనకు ఇక్కడే ప్రమోషను వచ్చిందండీ. రావడం కుదరదు" అన్నాను.

"ఆయనే చెప్పమన్నారా అండీ?"

"అవునండీ."

ఫోను పెట్టేశాక టేపు చుట్టి సొరుగులో పడేశాను. సాయంత్రం చెప్పేద్దామనుకున్నాను. సాయంత్రం ఆయన వచ్చి, యూనిఫాముల సంగతి విని, సంబరంగా పిచుకను ఎత్తి గిరగిరా తిప్పాడు. చెప్పే మొహం లేకపోయింది.

తర్వాత నెలంతా రోజూ అదే ప్రశ్న. "ఫోనేమైనా వచ్చిందా?" గుమ్మంలో చెప్పులు విప్పుతూ అడిగేవాడు. నేను మెషీను మీంచి తల ఎత్తకుండా లేదనేదాన్ని. నెల దాటాక అడగడం మానేశాడు. ఒక ఆదివారం బీరువా తలుపు తీసి, మ్యాపును చిరగకుండా మెల్లగా ఊడదీసి, మడిచి, చలి దుప్పట్ల కింద పెట్టాడు.

"నత్తివాడి చేతికి మైకు ఎవరిస్తార్లే" అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అన్నాడు.

నిజం చెప్పాలంటే, ఉద్యోగం పోతే ఆయన నాలుగు రోజులు బాధపడి మర్చిపోతాడని లెక్క వేసుకున్నాను. ఆయన దాన్ని తన నోటికి చుట్టుకుంటాడని నాకు తట్టనే లేదు. ఇన్నేళ్ళు కాపురం చేసి ఈ మాత్రం తట్టలేదంటే నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పోయిన నెల మా కొట్టుకు ఎప్పుడూ వచ్చే ఆసుపత్రి నర్సమ్మ కోటు జిప్పు వేయించుకోవడానికి వచ్చింది. ఆవిడ వెళ్ళేది మా ఆయన బస్సులోనే.

"మీ ఆయనకు ఒంట్లో బాగుండటం లేదా?" అంది.

"బాగానే ఉన్నాడే. ఏం?"

"స్టాపుల పేర్లు చెప్పడం మానేశాడు. చూపు సరిగా ఆనని పెద్దాయన ఒకాయన మా ఆసుపత్రికి వస్తుంటాడులే, నిన్న రెండు స్టాపులు దాటిపోయాడు. ఎండలో వెనక్కి నడిచొచ్చాడు పాపం."

జిప్పు తిరగేసి కుట్టాను. నర్సమ్మ నవ్వి, మళ్ళీ వస్తాలే అని కోటు వదిలేసి వెళ్ళిపోయింది. నేను కొట్టు తలుపు దగ్గరికి వేసుకుని ఏడ్చాను. ఒకళ్ళ నోరు నొక్కాననుకుంటే ఎవరో పెద్దాయన ఎండలో నడిచాడు. అయినా ఆ రోజూ చెప్పలేదు. చెబితే ఉద్యోగం ఎలాగూ తిరిగి రాదు, ఉన్న మనిషి కూడా దక్కడని భయం. ఇంకో పేరు పెట్టడానికి లేదు, వట్టి పిరికితనం.

నిన్న పిచుక పుట్టినరోజు. ఈసారి వేరే ఎక్కడికైనా వెళ్దామన్నాడు ఆయన. అది ససేమిరా అంది. వెళ్ళాం. నీళ్ళ బండి ఎక్కింది, తడిసింది, అరిచింది. తర్వాత వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని బుల్లి రైలు స్టేషనుకు లాక్కుపోయింది.

రైలు మా ముందునుంచే వెళ్ళింది. కొత్త డ్రైవరు మైకులో కాగితం చూసి చదువుతున్నాడు, ఎవరో వెనకనుంచి తరుముతున్నట్టు. ఇదివరకు ఆ మాటలు వస్తుంటే మా ఆయన పెదాలు వాటంతటవే కదిలేవి. ఇప్పుడు కదల్లేదు.

"నాన్నా, నువ్వు చెప్పవా?" అంది పిచుక.

"నాకెందుకురా. నా నోటి సంగతి వీళ్ళకు తెలుసు."

అది ముందు పెట్టెలో చోటు కోసం వరసలో నిలబడటానికి పరిగెత్తింది. బెంచీ మీద మేమిద్దరం మిగిలాం.

"వాళ్ళు ఫోను చేశారండీ" అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు.

"అయిదు నెలల క్రితం. మిమ్మల్ని తీసుకున్నామని చెప్పారు. మీకు ప్రమోషను వచ్చింది, రారని చెప్పాను. మీరే చెప్పమన్నారని కూడా చెప్పాను. యూనిఫాములు వచ్చిన రోజే. కొట్టు వదిలి రాలేక."

ఆయన పట్టాల వైపు తిరిగాడు. తర్వాత అడిగాడు.

"నా మాట గురించి ఏమన్నారు?"

"ఏంటండీ?"

"నత్తి గురించి. ఏదో ఒకటి అనే ఉంటారు. ఉన్నదున్నట్టు చెప్పు."

నాకు ఆవిడ మాటలు ఒక్కటీ పోకుండా గుర్తున్నాయి. అయిదు నెలలుగా రోజూ వింటున్నాను. "మైకు పరీక్ష పెట్టినప్పుడు పక్కగదిలో పిల్లల్ని కూర్చోబెట్టారట. మీరు ఆగిన చోట కంగారుపడకుండా నవ్వి, మళ్ళీ మొదలుపెట్టారట. మూడోసారి పిల్లలే మీ మాట అందుకుని పూర్తిచేశారట. అందరూ ఈయనే కావాలన్నారట. అందుకే తీసుకున్నామని చెప్పింది."

"మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను. ఈసారీ మొత్తం చెప్పాను.

"కొట్టు వదిలి రాలేనని నాతో అనుంటే ఉండిపోయేవాణ్ణి" అన్నాడు ఆయన. "ఒక్క మాట. అయిదు నెలలు నా నోరే నన్ను ముంచిందనుకున్నాను."

"తప్పయిపోయిందండీ."

రైలు చుట్టు తిరిగి వచ్చి ఆగింది. పిచుక ముందు పెట్టెలోకి ఎక్కి చెయ్యి ఊపింది. ఆయన లేచి వెళ్ళి దాని పక్కన కూర్చున్నాడు. ఆ బల్ల మీద ఇంకొకరికి చోటుంది. నేను వెళ్ళి నిలబడ్డాను.

"వెనక ఖాళీ ఉంది" అన్నాడు, నా వైపు చూడకుండా.

వెళ్ళి ఆఖరి పెట్టెలో కూర్చున్నాను, చేతులు బయటి కమ్మీ మీద వేసుకుని. డ్రైవరు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు. మైకు ఇంకా పెట్టలేదు. అప్పుడు ముందునుంచి ఒక గొంతు వినపడింది. బస్సులో వినపడే గొంతే.

"ప్... ప్..."

ఆగిపోయింది. పెట్టెల్లో పిల్లలంతా మెడలు చాచి చూశారు. మళ్ళీ "ప్" అని వినపడింది. ఈసారి పిచుక, దాని వెనక ఇంకో నలుగురైదుగురు, కలిసి అందుకున్నారు.

"పిల్లలూ."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వినట్టే ఉంది. వెనక్కి తిరగలేదు కాబట్టి నాకు కనపడలేదు.

"బండి కదులుతోంది. చేతులు లోపల పెట్టుకోండి."

నేను చేతులు లోపల పెట్టుకున్నాను.