ఉన్ని దించే పొద్దు

నాలుగో గొర్రె కాళ్లు మడిచి కట్టి, ముత్యాలప్ప దాని మెడను తన ఎడమ తొడ కింద అదిమిపెట్టాడు. ఎడమచేత్తో తోలును వెనక్కి లాగి పట్టుకుని, కత్తెర మొనను ఉన్నిలోకి దూర్చి కసకసా కత్తిరించుకుంటూ పోయాడు. మురికి పట్టిన పైఉన్ని దుప్పటిలా ఒక పక్కకు ఒరిగింది. గొర్రెలను నిన్ననే బావి దగ్గర కడిగారు. బావిలో ఉన్నవి మోకాటిలోతు నీళ్లే కాబట్టి, కడిగారనడం కంటే తడిపారనడం నయం.

శివరాత్రి అయిన మర్నాడది. చలి శివశివా అంటూ పోతుందని పెద్దలు ఊరికే అనలేదు. మొన్నటిదాకా గొంగడి కప్పుకున్నా ఎముకలు కొరికిన చలి, ఈ ఉదయం ఎండ ఎక్కేసరికి జాడ లేదు. దొడ్డి కంచె పక్కన కానుగ చెట్టు పాత ఆకంతా రాల్చి తళతళలాడే చిగురు వేసింది. వాన చుక్క పడి రెండేళ్లయిన నేలలో దానికి ఆ పచ్చదనం ఎక్కడ దొరికిందో! సిగ్గులేని చెట్టు. ముత్యాలప్పకు మాత్రం దాన్ని చూస్తే ప్రాణం లేచివచ్చింది. అరవై ఎనిమిదేళ్ల ఆ ఒంటికి ఏడాది మొత్తంలో సుఖమంటే ఈ పదిహేను రోజులే. మార్గశిరంలో కొయ్యబారిన వేళ్లు ఇప్పుడే విచ్చుకుంటాయి. వీపు మీద ఎండ ఎవరో చెయ్యి వేసి నిమిరినట్టుంటుంది. ఇంకో పక్షం పోతే ఇదే ఎండ మాడ్చి చంపుతుంది, అది వేరే సంగతి.

గొర్రె కసాయివాణ్నే నమ్ముతుందని లోకం ఎగతాళి చేస్తుంది గానీ, కత్తెర పట్టినవాణ్ని అంత తొందరగా నమ్మదు. తన్నుకుంటుంది, గింజుకుంటుంది. అసలు చిక్కు కరువుతో వచ్చింది. మేసి బలిసిన గొర్రెకు తోలు బిగువుగా ఉండి కత్తెర జారిపోతుంది. ఈ గొర్రెలకు పక్కటెముకల మీద తోలు ముడతలు పడి వేలాడుతోంది. ఉన్ని ఎక్కడ ఆగుతుందో తోలు ఎక్కడ మొదలవుతుందో కళ్లకు తెలియదు, వేళ్లకే తెలియాలి.

ఆ వేళ్లే నిరుడు మోసం చేశాయి. ఊళ్లో చౌడప్ప గొర్రెకు పొదుగు పక్కన తోలు తెగింది. పుండుకు పురుగు పట్టి, వారం తిరిగేసరికి గొర్రె చచ్చిపోయింది. యాభై ఏళ్లు ఊరి గొర్రెలన్నిటినీ కత్తిరించిన చేతిని ఊరు ఆ వారంలోనే మరచిపోయింది. ఈ ఏడు ముత్యాలప్పను పిలిచింది ఈరన్న ఒక్కడే. ముత్యాలప్ప అన్న కూతురు బయమ్మకు మొగుడు కాబట్టి పిలిచాడు. పిలిచినా, సంక్రాంతి ముందే తెగేసి చెప్పాడు.

"నెత్తురు సూపిస్తే మాత్రం మళ్లా ఆషాఢం కత్తిరింపుకి పిలవను మామా."

అంటే ఈ ఒక్క పొద్దు గాటు పడకుండా గడిస్తేనే ముత్యాలప్ప ఇంకా పనివాడు. లేకపోతే అరుగు మీద కూర్చుని ఎవరు ముద్ద పెడతారా అని చూసే ముసలివాడు. అతనికి ఇంకో పని రాదు. సొంతానికి ఉన్న పన్నెండు గొర్రెలు డెబ్బై రెండు నాటి కరువులో పోయాయి. పిల్లల్లేరు. పెళ్లాం తిప్పమ్మ మూడేళ్ల కింద ఇలాంటి చలికాలంలోనే దగ్గి దగ్గి పోయింది. ఆమె ఇంకో పది రోజులు ఓర్చుకుని ఉంటే ఎండ వచ్చేదని అతనికి ఇప్పటికీ బాధ.

మధ్యాహ్నానికి పన్నెండు అయ్యాయి. బయమ్మ రాగిముద్ద, నంజుకోవడానికి ఊరిబిండి తెచ్చింది.

"తిను చిన్నాయనా. చేతులు వణుకుతాండాయి."

"ఆకలికిలేమ్మా," అని ముత్యాలప్ప అబద్ధమాడాడు.

ఉన్ని దిగిన గొర్రెలు కంచె పక్కన ఎండలో నిలబడి ఒళ్లు విదిలించుకుంటున్నాయి. బరువు దిగిన సంతోషానికి ఒకటి గాల్లోకి ఎగిరి దూకింది. తిండి లేకపోయినా దానికా సంబరం ఎందుకో! ముత్యాలప్ప ముద్ద మింగుతూ దాన్నే చూస్తూ నవ్వుకున్నాడు.

పంతొమ్మిదో గొర్రె దగ్గర అది జరిగింది. ముంగాలి చంక కింద తోలు ముడత కత్తెర మొనల మధ్యకు వచ్చింది. బొటనవేలంత తోలు లేచి నెత్తురు చిమ్మింది. ఈరన్న అవతల ఇంకో గొర్రెను పట్టుకునే హడావుడిలో ఉన్నాడు, బయమ్మ ఉన్ని మూట కడుతోంది. ఎవరూ చూడలేదు. ముత్యాలప్ప గబుక్కున ఉన్ని ముద్ద తీసి గాటు మీద అదిమిపట్టాడు. నెత్తురు ఆగింది. కట్లు విప్పి వదిలేస్తే చాలు, గొర్రె మందలో కలిసిపోతుంది. ఆషాఢం దక్కుతుంది. కానీ నిరుడు పురుగులు లుకలుకలాడిన ఆ పుండు అతని కళ్ల ముందు నుంచి కదల్లేదు.

"ఈరన్నా, తెగింది."

"యాడ?"

"ఈడ, సంక కింద. నువ్వు సూడ్లేదు, నేనే సెప్తాండా."

ఈరన్న వచ్చి వంగి చూశాడు. తిడతాడనుకుంటే తిట్టలేదు. మామ ముఖం చూడలేక కానుగ చెట్టు వైపు చూశాడు.

"కానీలే మామా. పసుపు అద్దు. పురుగు పట్టేదాకా అది ఈడ ఉండదు."

"అంటే?"

"ఎల్లుండి లారీ వస్తాది. అన్నిట్నీ ఎక్కిచ్చేస్తాండా. మేత యాడుండాది, నీళ్లు యాడుండాయి? కండ్ల ముందర సస్తా ఉంటే సూడలేను. ఉన్ని అన్నా మిగుల్తాదని నిన్ను పిలిచినా."

ముత్యాలప్ప చాలాసేపు పసుపు అద్దుతూనే ఉన్నాడు.

"ముందర సెప్పకపోతివే."

"సెప్పింటే నువ్వు వస్తా ఉంటివా?"

"వస్తా ఉంటి," అన్నాడు. "ఇంగోదాన్ని పట్టుకురా."

ఆ తర్వాత అతని చెయ్యి వణకలేదు. కాపాడుకోవడానికి ఏమీ మిగలని చేతికి భయం దేనికి? ఇరవయ్యోది, ఇరవై ఒకటోది, ఇరవై రెండోది పాతికేళ్లవాడు కత్తిరించినట్టు కత్తిరించాడు. ఇరవై మూడోది ముసలి గొర్రె. దాని కుడిపక్క మెడ నుంచి తోకదాకా ఒకే పొరగా దించి, రెండో పక్కకు తిప్పబోతూ కాస్త ఆగాడు. ముందుకు వంగి గొర్రె పొట్ట మీద తల ఆనించాడు. అలసిపోయాడులే అనుకున్నారు మొగుడూ పెళ్లాలు. గొర్రె కూడా కదలకుండా పడుకుంది. ఎండ వాలి అతని వీపు మీదికి నీడ వచ్చాక బయమ్మ "చిన్నాయనా" అని భుజం తట్టింది. అప్పటికి ఒళ్లు చల్లబడి ఉంది.

మైల కాబట్టి దినాలు అయ్యేదాకా ఆ ఇంట్లో ఎవరూ కత్తెర ముట్టకూడదు. లారీ మాత్రం చెప్పిన పొద్దుకే వచ్చింది. కత్తెర పడకుండా మిగిలిన మూడు గొర్రెలూ ఉన్నితోనే ఎక్కాయి. ముసలి గొర్రెను చూసిన వ్యాపారి ముఖం చిట్లించాడు.

"ఏమప్పా, గజ్జి గొర్రెను అంటగడ్తాండావే? నాకొద్దు," అని కిందికి తోసేశాడు. ఈరన్న జరిగింది చెప్పాడు గానీ అతను వినిపించుకోలేదు.

లారీ సోమందేపల్లె దాటి బెంగుళూరు రోడ్డు పట్టే వేళకు, ఖాళీ అయిన దొడ్డిలో ఆ ఒక్క గొర్రె నిలబడి ఉంది. ఎడమపక్క మోకాళ్లదాకా వేలాడే చలికాలపు ఉన్ని. కుడిపక్క, మెడ నుంచి తోకదాకా, ఎక్కడా చిన్న గాటైనా లేని నున్నని ఒళ్లు.