వంటింట్లో రబ్బరు సంచి

జాతర పందెం రోజున మా వీధిలో ఏ ఇంటి తలుపుకూ గడియ ఉండదు. సైకిలు పందెగాళ్లు వచ్చి మా వంటిళ్లలోనే బట్టలు మార్చుకుంటారు, పందెం అయ్యాక అక్కడే కాళ్లు కడుక్కుంటారు. ముప్పై ఏళ్లు వాళ్లకు వేడినీళ్లు కాచాను. ఎవరి మోకాలి మీద ఏ మచ్చ ఉందో ఇప్పటికీ చెప్పగలను. మా ఫ్లాండర్స్ సీమ మొత్తం మీద ఇంతమంది మగాళ్ల మురికి కాళ్లు చూసిన ఆడది నేనొక్కదాన్నేనేమో!

ఆ ఏడు గెలిచింది నా కొడుకు రీనౌట్. ఇరవై నాలుగేళ్లవాడు. పెద్ద జట్టులో ఉన్నాడు, మరో రెండేళ్ల ఒప్పందం మీద సోమవారం సంతకం పెట్టాలి. బయట జనం బీరు గ్లాసులెత్తి వాడి పేరు అరుస్తున్నారు. వాడేమో ఆగస్టు ఎండలో వణుకుతూ, పళ్లు నూరుతూ నా వంటింట్లో కూర్చున్నాడు. వెన్న రాసిన రొట్టె ఇస్తే మింగలేకపోయాడు.

"ఏం మింగావురా?"

"ఏం లేదమ్మా. ఎండ దెబ్బ."

ఇంతలో ఫిర్మిన్ వచ్చి తలుపు మూశాడు. జట్టులో కాళ్లు పిసికేవాడు, పక్క ఊరివాడే. చేతిలో రబ్బరు సంచి, దానికి సన్నటి గొట్టం.

"ఎల్విరాక్కా, బడిలో డోపింగు పరీక్ష డాక్టరు సీసా పట్టుకుని కూర్చున్నాడు. మొహం కడుక్కుని వస్తాడని చెప్పి పావుగంట అడిగాను. నువ్వు ఇందులో కాస్త పోసివ్వు. వీడు చంకలో దాచుకుంటాడు."

"నా ఉచ్చా?"

"నీకంటే శుభ్రమైన ఒళ్లు ఈ ఊళ్లో ఎవరిదక్కా? తలనొప్పికి కూడా మాత్ర వేసుకోవు!"

అని నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

"నా కొడుక్కి ఏం పెట్టావు?"

"అందరూ వేసుకునేదే."

"ఎడ్‌గార్‌కు కూడా అదే పెట్టావా?"

ఎడ్‌గార్ ఎదురింటి మార్తా కొడుకు. అదే జట్టు. ఇరవై ఆరేళ్లకు నిద్రలోనే పోయాడు. గుండె బలహీనమన్నారు. రెండు బొగ్గు బస్తాలు ఒకేసారి మోసే పిల్లాడి గుండె బలహీనమట! శవపేటిక వెనకాల అందరికంటే పెద్ద పూలచక్రం పట్టుకుని నడిచింది ఈ ఫిర్మినే.

"రుజువేదక్కా?" అన్నాడు.

సంచి లాక్కుని బొగ్గుల పొయ్యిలో పడేశాను. ఇల్లంతా రబ్బరు కంపు.

"అమ్మా! సోమవారం సంతకం! నన్ను చంపేశావు!" అని అరిచాడు రీనౌట్.

"చంపేవాడు అదిగో, నిలబడ్డాడు. నడు."

మణికట్టు పట్టుకుని జనంలోంచి లాక్కెళ్లాను. నా వేళ్ల కింద వాడి నాడి పిచ్చిగా ఎగురుతోంది.

"ఏం ఎల్విరా, బిడ్డకు నీళ్లు పొయ్యడానికా?" అని ఎవడో నవ్వాడు. నోరు మూసుకోమన్నాను.

బడి గుమ్మంలో వాడు ఏడుపు మొహం పెట్టాడు. "రేపు పేపర్లో నా పేరు దొంగల్లో వేస్తారే అమ్మా."

"వెయ్యనీ. ఎడ్‌గార్ పేరు పడిన చావు కబుర్ల పేజీలో పడకపోతే చాలు."

లోపలికి తోసి, "డాక్టరుగారూ, సీసా తర్వాత. ముందు వీడి గుండె వినండి" అన్నాను.

ఆయన చాలాసేపు విన్నాడు. తలెత్తి, "అంబులెన్సు పిలవండి, త్వరగా" అన్నాడు.

మా వెనకాలే వచ్చిన ఫిర్మిన్ మెల్లగా జారుకోబోయాడు. చొక్కా గుంజి పట్టుకున్నాను.

"ఎక్కడికిరా? ఆస్పత్రివాళ్లకు కావాలి. ఏమేం పెట్టావో చెప్పి కదులు."

గుమ్మం ముందు ఊరంతా పోగైంది. మార్తా కూడా ఉంది. అంతమంది ముందు, నేలచూపులు చూస్తూ చెప్పాడు. ఐదు మందుల పేర్లు.