తాలు సంచి

తనను తరుముతున్నారనుకుని బాలస్వామి మొదటిసారి వాళ్ళతో పరిగెత్తాడు.

గుంటూరు బైపాసు పక్కన మూతపడిన జిన్నింగు మిల్లు వరండాలో అతను ఎనిమిది నెలలుగా పడుకుంటున్నాడు. రెండుసార్లు ఎవరో కర్రలతో వచ్చి లేపి పంపేశారు. అందుకే తెల్లవారీ తెల్లవారకముందే పదిమంది ధబధబా తనవైపే వస్తుంటే, తలకింది గోతాం చంకలో పెట్టుకుని ఉరికాడు. ఎంత ఉరికినా వాళ్ళు పక్కకే వచ్చారు.

"బాబాయ్, మొదట్లోనే అంత స్పీడు వద్దు. ఊపిరి చాలదు," అన్నాడు వాళ్ళలో ముందున్న కోటేష్.

బాలస్వామికి బుర్ర తిరిగింది. తరిమేవాడెవడైనా ఊపిరి జాగ్రత్త చెబుతాడా?

పరుగు జైనాబీ టీ బంకు దగ్గర ఆగింది. అతని చేతిలోనూ ఒక గ్లాసు పెట్టారు. ఎవరి వెనకాల పడ్డారని అడిగితే అందరూ నవ్వారు. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసే జ్యోతిర్మయి, ఇది ఆరోగ్యం కోసమని, రోజూ ఇలాగే వెళతామని, రేపు కూడా రమ్మని చెప్పింది. తిండికే దిక్కులేనివాడు ఆకలి పెంచుకోవడానికి పరిగెత్తడమేమిటో అతనికి అంతుబట్టలేదు. అయినా మర్నాడు వాళ్ళు వచ్చేసరికి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఎందుకు కూర్చున్నాడో తనకే తెలియదు.

పగలు అతను మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్ళేవాడు. అక్కడ అతన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. ఇక్కడ పొద్దున్నే పదిమంది 'బాలస్వామి బాబాయ్' అంటున్నారు. మోకాలు ఎలా ఉందని అడుగుతున్నారు. మున్సిపాలిటీ వాళ్ళ వసతి గృహంలో పేరు రాయిస్తాను, ఏదైనా కార్డుంటే తెమ్మంది జ్యోతిర్మయి. కార్డు ఉంది, గోతాంలోనే. పాత రేషన్ కార్డు. చనిపోయిన భార్య సుబ్బరావమ్మ ఫోటో దాని మీద తప్ప ఇంకెక్కడా లేదు. రేపు తెస్తానంటూనే రోజులు గడిపాడు. ఇచ్చాక తిరిగి రాకపోతే?

అందరూ తమ వస్తువులు జైనాబీ బల్ల మీద పెట్టి పరిగెత్తేవారు. అతనొక్కడే గోతాంతో పరిగెత్తేవాడు.

"ఎన్నాళ్ళు మోస్తావయ్యా దాన్ని? నేనేమన్నా తినేస్తానా?" అంది జైనాబీ ఒకరోజు.

మూడోవారంలో గోతాం బల్ల పక్కన, ఎవరో రైతు దింపిన మిర్చి బస్తాల దగ్గర పెట్టాడు. ఆ రోజంతా ఒక చెయ్యి లేనట్టే పరిగెత్తాడు. తిరిగి వచ్చేసరికి గోతాం లేదు.

ఆ మిర్చి బస్తాలు కూడా లేవు. తను పాలు కాస్తుండగా మోత పని చేసే ముఠా కూలీలు బస్తాలన్నీ ట్రాలీకెత్తి, ముందున్న మిర్చి ఆరబోసే కల్లానికి తీసుకెళ్ళారని జైనాబీ తల పట్టుకుంది. బాలస్వామి బల్ల కిందకి వంగి చూశాడు. ఖాళీ నేలనే చూస్తూ నిలబడ్డాడు.

"రెండు కిలోమీటర్లేగా. పదండి," అన్నాడు కోటేష్.

ఈసారి ఎవరు ఎవర్ని తరుముతున్నారో బాలస్వామికి అసలే తెలియలేదు.

కల్లం గేటు దగ్గర కాపలావాడు అడ్డుపడి ఎవరు మీరంతా అన్నాడు. "మా బాబాయి సంచి మీ బస్తాల్లో కలిసిపోయిందండి," అంది జ్యోతిర్మయి ఆయాసపడుతూ. ఎవరి బాబాయా అని బాలస్వామి వెనక్కి తిరిగి చూశాడు.

ముఠా మేస్త్రీ నాలుక కరుచుకున్నాడు. బస్తాలన్నీ బరువుగా ఉన్నాయి, ఒక్క గోతామే తేలిగ్గా ఉంది. రైతులు రంగు పోయిన తాలు కాయల్ని విడిగా చిన్న సంచిలో తేవడం మామూలే గనక, అదీ తాలే అనుకున్నారు. చూడకుండానే తాలు కుప్ప మీద గుమ్మరించేశారు, పైన ఇంకో నాలుగు సంచులు కూడా పోశారు.

దుప్పటి చివర ఒకటి కాయల్లోంచి కనబడుతోంది. కార్డు మాత్రం కనబడలేదు.

పదిమందీ కుప్ప చుట్టూ కూర్చుని చేతులతో తోడడం మొదలుపెట్టారు. దగ్గులు, తుమ్ములు. బాలస్వామీ వాళ్ళ పక్కన కూర్చుని కాయల్లో చేతులు పెట్టాడు. అంతలోనే పనివాడి అలవాటు నోటికొచ్చింది. "కళ్ళు నలుపుకోకండి. ఏమైనా సరే, నలుపుకోవద్దు."

పళ్ళెం దొరికింది. దువ్వెన దొరికింది. చాలాసేపటికి జ్యోతిర్మయి ఒక ప్లాస్టిక్ కవరు పైకి తీసింది. దుమ్ము ఊది, ఫోటో చూసి, అతని చేతిలోనే పెట్టింది.

"ఇది నాకివ్వొద్దు బాబాయ్. మీ దగ్గరే ఉంచుకోండి. ఆఫీసుకి ఇద్దరం కలిసే వెళదాం."

అతను తల ఊపాడు. వాళ్ళ చేతులు ఎర్రగా కాలిపోతున్నాయి. ఊరేదో కూడా తెలియని మనిషి కార్డు కోసం వీళ్ళెందుకు మంట పెట్టుకున్నారో ఎంత ఆలోచించినా తెగలేదు. తొడిమల పనివాళ్ళందరిలాగే చేతుల మంటకని తను దగ్గర పెట్టుకునే ఆముదం సీసా కుప్పలో దొరికితే తీసుకుని, వరసగా చాచిన అరచేతులన్నిటికీ తనే రాశాడు.

"ఇంతకీ మనం రోజూ ఎందుకు పరిగెడుతున్నట్టు?" అని అడిగాడు చివరికి.

కోటేష్ వేళ్ళు ఊదుకుంటూ ఆలోచించాడు. "నాకూ సరిగ్గా తెలియదు బాబాయ్. ముందు ఈ మంట తగ్గనీ."